మూడో నంబరు నీడమనిషి

మధ్యాహ్నం మూడు దాటితే మా గదిలో ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుంది. నాకు నిద్ర రాదు గానీ అదో రకం మగత కమ్ముతుంది. కంప్యూటర్లు వాటిలో అవి గొణుక్కుంటూ ఉంటాయి. కిటికీ అద్దానికి పొగమంచు పట్టి బయట వీధి ఉందో లేదో తెలియదు. తెర మీద నీడమనిషి మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. నా పనిలో సగం ఆ మగతలోనే నడుస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

నీడమనిషి అంటే దయ్యం కాదు. అంతరిక్షంలోకి వెళ్లే మనిషిని స్కానర్లో పడుకోబెట్టి, నెత్తి నుంచి కాలి గోరు దాకా కొలిచి, ఆవగింజంత ముక్కలు ముక్కలుగా కంప్యూటర్లో మళ్లీ కడతారు. ఎముక ఉన్నచోట ఎముక, కాలేయం ఉన్నచోట కాలేయం. నేను ఆ నీడమనిషిని ఓడ బొమ్మలో నిలబెట్టి, నక్షత్రాల మధ్య నుంచి దూసుకొచ్చే రేణువులను దాని మీదకి వదులుతాను. కోట్ల కొద్దీ వదులుతాను. కొన్ని ఓడ గోడకి తగిలి ముక్కలైపోతాయి. కొన్ని గోడనీ మనిషినీ కూడా దాటుకుని అవతలికి పోతాయి, పోతూ పోతూ ఏ మజ్జలోనో ఏ మెదడులోనో కాస్త శక్తిని దిగవిడిచి పోతాయి. అలా దిగవిడిచినదంతా కూడితే ఆ ప్రయాణంలో ఆ మనిషి ఒంటికి తగిలే మోతాదు వస్తుంది. ఆ కొలతకి పుస్తకాల్లో నోరు తిరగని పేరుంది. మేం గింజలు అంటాం. మా దగ్గర ఎవరికైనా సరే జన్మ మొత్తానికి ఆరువందల గింజలు దాటకూడదు. దాటితే మర్నాడే పోతారని కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఒంట్లో ఏ కణం ఎదురు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఎక్కడో ఒకచోట గీత గీశారు.

ఈసారి ప్రయాణం పద్నాలుగు నెలలు, వెళ్లేది నలుగురు. మా దగ్గరికి పేర్లు రావు, నంబర్లే వస్తాయి. మూడో నంబరు నీడమనిషిని తెర మీదకి తెచ్చిన రోజున, ఎడమ భుజం దగ్గర వంకరగా అతుక్కున్న ఎముకను చూసి టీ కప్పు కింద పెట్టేశాను. ఆ ఎముక విరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తొమ్మిదేళ్ల కిందట మా అన్నయ్య, బట్టలుతికే మెషిన్‌ను మూడో అంతస్తుకి తానే మోస్తానని పంతం పట్టి, కింద వైపు పెళ్లాన్ని పట్టుకోమన్నాడు. మెషిన్ ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. పోయింది వదిన భుజమే.

అలా వదిన నా తెర మీదకి వచ్చింది. గుర్తుపడితే చెప్పాలన్నది రూలు కాబట్టి వెళ్లి డాక్టరమ్మకి చెప్పాను. ఎవరు వెళ్లాలో ఎవరు ఆగాలో ఆఖరి సంతకం ఆవిడది.

"ఇక్కడ లెక్క కట్టేది మీరిద్దరే," అంది ఆవిడ, కాగితాల్లోంచి తలెత్తకుండా. "నిన్ను తప్పిస్తే మాష్టారొక్కరే మిగుల్తారు. రెండు లెక్కలు వేయించేది ఇందుకే కదా. వెళ్లి పని చూసుకో."

మా పద్ధతి అలాంటిది. ఒకే మనిషికి ఇద్దరం, రెండు గదుల్లో, ఒకరిది ఒకరం చూడకుండా లెక్క కడతాం. లెక్క నడుస్తున్నన్నాళ్లూ ఆ ఊసే ఎత్తం. శుక్రవారం పదింటికి డాక్టరమ్మ ముందు రెండు కవర్లూ చింపుతారు. రెండిట్లో ఏది ఎక్కువైతే అదే ఖాయం. రెండో గదిలో ఉండే ఆయన ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఎదురుపడితే మాష్టారూ అంటాను, మనసులో తాబేలు అనుకుంటాను. నేను రెండు రోజుల్లో తేల్చేసే లెక్కని ఆయన రెండు వారాలు చేస్తారు. తీరా చూస్తే ఇద్దరికీ రెండు మూడు గింజల తేడాలో ఒకే అంకె వస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

వదినకి ఇది మొదటి ప్రయాణం కాదు. ఇంతకుముందు చంద్రుడి చుట్టూ తిరిగే స్టేషన్లో ఆరు నెలలు ఉండి వచ్చింది. అప్పటి గింజలు నూట నలభై రెండు. అది మేం కట్టిన అంచనా కాదు, ఆమె బిళ్ళ చెప్పిన అంకె. బిళ్ళ అంటే సగం అగ్గిపెట్టెంత ఉండే కొలత పరికరం. పగలంతా చొక్కా జేబులో ఉంటుంది. పడుకుంటే గుచ్చుకుంటుందని రాత్రి పడక పక్కన కొక్కేనికి తగిలిస్తారు. కొత్త ప్రయాణానికి నాకు తేలింది నాలుగు వందల ముప్పై ఒకటి. రెండూ కలిపితే ఐదు వందల డెబ్బై మూడు. గీతకి ఇవతలే ఉంది. ఆ అంకె కాగితం మీద రాసుకున్నప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. వదినకి నలభై ఏడు నిండాయి, ఇది తప్పితే ఇంకో ప్రయాణం లేదు.

ఆ ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. అన్నయ్య తలుపు తీసి, నన్ను లోపలికి రానివ్వకుండా తానే బయటికి వచ్చి, మెట్ల మీద ఆపాడు. మా అన్నయ్యది తాళాలు బాగుచేసే దుకాణం. ఎవరి తాళమైనా తీస్తాడు, తన నోటికి మాత్రం తాళం వేసుకోలేడు.

"నీ లెక్క ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు గొంతు తగ్గించి.

"చెప్పకూడదు."

"చెప్పొద్దులే. అటూ ఇటూ కొంచెం తేడా ఉంటుందంటావు కదా ఎప్పుడూ. ఆ ఎక్కువ వైపుది రాయి. అంతే."

"అన్నయ్యా, ఇంకోసారి ఆ మాటన్నావంటే ఇటునుంచి ఇటే వెళ్లిపోతా."

"పద్నాలుగు నెలలు! నువ్వైతే ఉండగలవా?"

"నాకు మొగుడే లేడు. ఎవరి కోసం ఉండలేకపోవాలి?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గడ్డం గీసుకోలేదు, కళ్ల కింద నల్లగా ఉంది. జాలీ వేసింది, చిరాకూ వేసింది. నాకు ఈ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

"వెళ్లొద్దని ఆమెకి చెప్పావా అసలు?" అని అడిగాను.

"ఎలా చెప్తాను? చెబితే ఆగిపోతుందేమో, జన్మంతా నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది." రెయిలింగ్ మీద గోటితో గీకాడు. "చెప్పినా ఆగకపోతే? అది ఇంకా కష్టం."

లోపలికి వెళ్లేసరికి వదిన కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. "వచ్చావా మరదలా, మీ అన్నయ్య మెట్ల మీద పంచాయితీ పెట్టాడా?" అంది. ఆమె కళ్లకి తలుపులు అడ్డం రావు.

"తాళాల గురించి మాట్లాడుకున్నాం," అన్నాను.

"అబద్ధం చెప్పడం చేతకాదే నీకు. చెవులు ఎర్రబడతాయి." లేచి అలమరలోంచి ఒక నోట్‌బుక్ తీసి నా ఒళ్లో పడేసింది. "ఇదిగో, రెండేళ్లుగా అడుగుతున్నావుగా, మిణుగురుల పుస్తకం. మళ్లీ వెళ్తే కొత్తది రాస్తాను, ఇది నువ్వుంచుకో."

మిణుగురులంటే నిజం పురుగులు కావు. అంత దూరంలో చీకట్లో కళ్లు మూసుకుంటే రెప్పల వెనక మెరుపులు కనిపిస్తాయి. ఒక రేణువు కంట్లోంచి దూసుకుపోయినప్పుడల్లా ఒక మెరుపు. వదిన ఆ ఆరు నెలలూ రోజూ పడుకునే ముందు పావుగంట కళ్లు మూసుకుని వాటిని లెక్కపెట్టి రాసుకుంది. ఎవరూ రాయమనలేదు, ఆమె సరదా అంతే.

"ఎక్కడో ఒక నక్షత్రం పగిలి ఉంటుంది వదినా," అన్నాను పేజీలు తిప్పుతూ. "దాని ముక్క ఎన్ని లక్షల ఏళ్లు తిరిగి తిరిగి, చివరికి నీ కంట్లోంచి వెళ్లింది."

"దానికి ఇంకో దారే దొరకలేదూ," అంది వదిన. అన్నయ్య కూడా నవ్వాడు, ఆ రోజుకి ఆ ఒక్కసారే.

సోమవారం మధ్యాహ్నం పొగమంచు మరీ దట్టంగా ఉంది. నా లెక్క అయిపోయింది కాబట్టి చేతిలో పని లేదు. ఊరికే ఉండలేక మూడో నంబరు నీడమనిషి మీదకి ఇంకోసారి రేణువులు వదిలి, నోట్‌బుక్ తెరిచాను. వదిన రాత గొలుసుకట్టు. "ఇవాళ ఆరు. ఒకటి నీలం. ఒకటి అడ్డంగా గీత గీసుకుని పోయింది." "ఏడు. చివరిది ఎంత పెద్దదంటే ఎవరో లైటు వేశారనుకున్నా." "ఐదే. పాపం అలిసిపోయాయేమో."

నేనూ కళ్లు మూసుకున్నాను. మొదట నా రెప్పల చీకటే కనిపించింది. తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు, నేను నీడమనిషి లోపల నడుస్తున్నాను. పక్కటెముకల కింద పొడవాటి వరండా ఉంది, అక్కడ నా అడుగుల చప్పుడు వినపడటం లేదు. ఊపిరితిత్తుల్లో పలచని చీకటి పైకీ కిందకీ కదులుతోంది. పైనుంచి సన్నని వెలుగు చినుకులు పడుతున్నాయి, గోడల్లోంచి వచ్చి గోడల్లోకే పోతున్నాయి, ఒక్కటీ నన్ను తడపడం లేదు. వంకర ఎముక దగ్గరికి వచ్చి దాని మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఎక్కడో పైన వదిన తనలో తాను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది. నేను కూడా ఆమెతో కలిపి లెక్కపెట్టాను. పదకొండు దాకా వచ్చాక మెలకువ వచ్చింది.

ఒళ్లో నోట్‌బుక్ వేరే పేజీ దగ్గర తెరుచుకుని ఉంది. అందులో నిజంగానే పదకొండు అని ఉంది. దాని కింద మర్నాటిది పది. ఆ కింద పన్నెండు. వెనక్కి తిప్పాను. మొదటి పన్నెండు రాత్రులూ ఐదు, ఆరు, ఏడు. పదమూడో రాత్రి పదకొండు. ఆ తర్వాత చివరిదాకా, నూట అరవై ఎనిమిది రాత్రులు, పదికి తగ్గింది ఎక్కడా లేదు.

మత్తు వదిలిపోయింది. రేణువుల వాన ఒక్కరోజులో రెట్టింపు అవ్వదు, అయితే అప్పుడు స్టేషన్లో ఉన్న అందరి బిళ్ళల్లోనూ కనిపించాలి. కనిపించలేదు. మారింది వాన కాదు, కళ్లు ఉన్న చోటు. స్టేషన్ బొమ్మ తెరిచి నీడమనిషి తలని ఒక్కోచోట పెట్టి, పావుగంటలో కళ్లలోంచి ఎన్ని పెద్ద రేణువులు వెళ్తాయో చూశాను. పడక దగ్గర పెడితే ఆరు. అక్కడ చుట్టూ తాగే నీళ్ల సంచులు పేర్చి ఉంటాయి, నీళ్లు చాలావాటిని ఆపుతాయి. భోజనాల గదిలో ఎనిమిది. స్టేషన్ మొత్తంలో పదకొండు వచ్చే చోటు ఒక్కటే ఉంది. గుండ్రటి కిటికీ పక్కన, గోడ పలచగా ఉండే మూల.

వదిన కిటికీ దగ్గర పడుకుంది. బిళ్ళ మాత్రం రూలు ప్రకారం పడక పక్కన కొక్కేనికే వేలాడుతూ, నీళ్ల సంచుల మధ్య హాయిగా రాత్రులు గడిపింది. నూట నలభై రెండు వదిన గింజలు కావు, కొక్కెం గింజలు. నూట అరవై ఎనిమిది రాత్రులు, రాత్రికి ఎనిమిది గంటలు, రెండు చోట్లకీ ఉన్న తేడా. కాగితం మీద గీకితే ముప్పై ఒకటి వచ్చింది. ఐదు వందల డెబ్బై మూడుకి కలిపాను. ఆరువందల నాలుగు.

ముందు భయం వేసింది, వెంటనే కోపం వచ్చింది. పదిహేనేళ్ల శిక్షణ ఉన్న మనిషికి ఆ మూల గోడ పలచనని తెలియదా? పడుకుంటే పడుకుంది, బిళ్ళ వెంట తీసుకెళ్లడానికి ఏం బరువైంది? కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, అదే కాళ్లకి బలం ఇస్తుంది. నోట్‌బుక్ సంచిలో వేసుకుని శిక్షణ భవనానికి బయల్దేరాను.

అక్కడ పెద్ద హాల్లో, కొత్త ఓడ ఎలా ఉంటుందో అలాగే చెక్కతో కట్టిన నకలు ఉంది. మిగతా ముగ్గురూ టీకి వెళ్లారు. వదిన ఒక్కతే తన పడకలో పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని పైకి చూస్తోంది. చుట్టూ నాలుగు వైపులా నీళ్ల సంచులు. నేను పక్క పడకలోకి దూరి పడుకున్నాను. కదిలితే సంచుల్లో నీళ్లు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి, ఆ చప్పుడు వింటుంటే నేను వచ్చిన పని మరిచిపోబోయాను.

"పదమూడో రాత్రి పడక మార్చావు," అన్నాను.

వదిన తల నా వైపు తిప్పింది. "మిణుగురులు చెప్పాయా?"

"అవే చెప్పాయి."

"దొంగముండలు," అంది ప్రేమగా.

అంకెలన్నీ చెప్పాను. నాలుగు ఎక్కువని కూడా చెప్పాను. చెప్పకూడదు, అయినా చెప్పాను. ఆమె సంచి మీద వేలితో నొక్కుతూ అంతా వింది.

"మీ అన్నయ్యకి ఎంత చలైనా కిటికీ తెరవందే నిద్ర పట్టదు కదా," అంది. "పెళ్లైన కొత్తలో మూడు దుప్పట్లు కప్పుకుని తిట్టుకునేదాన్ని. పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు కిటికీ పక్కన లేకపోతే నాకే కన్ను మూత పడదు. ఈ సంచుల మధ్య పన్నెండు రాత్రులు చూశాను, ఊపిరాడలేదు. పదమూడో రాత్రి దిండు పట్టుకుని వెళ్లిపోయాను. అక్కడ పడుకున్నాక ఆయన పక్కనే ఉన్నట్టుండి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. బిళ్ళ సంగతి నాకు తట్టనే లేదు. తగిలించే చోట తగిలించాను, అంతే."

తెచ్చుకున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"ఈ మాట ఆయనకి మాత్రం చెప్పకు," అంది. "ఆ మనిషి తట్టుకోలేడు."

"చెప్పను."

"నేను నోరు మూసుకుంటే?"

"నీ సంతకం లేకుండా బిళ్ళ అంకె మారదు. నోట్‌బుక్ నీ సొంతం, రికార్డు కాదు. నువ్వు పడకలోనే పడుకున్నానంటే ఐదొందల డెబ్బై మూడే. వెళ్తావు."

"నువ్వు మూసుకుంటావా?"

"కవర్లో ఆ అంకె కింద ఒక వాక్యం రాస్తాను వదినా. బిళ్ళ మీద నాకు అనుమానం ఉందని. అది రాయకుండా నేను సంతకం పెట్టలేను."

ఆమె లేచి కూర్చుంది. గొంతు మారిపోయింది. "ఆదివారం మెట్ల మీద ఏం మాట్లాడుకున్నారు?"

"ఎక్కువ రాయమన్నాడు. నేను తిట్టాను."

"మరి ఎక్కువేగా రాస్తున్నావు."

చెంప మీద కొట్టినట్టయింది. ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడం ఇష్టం లేక నోట్‌బుక్ పడక మీద పెట్టేసి బయటికి వచ్చేశాను. మూడు రోజులు ఫోన్ కూడా చేసుకోలేదు. పనిలో కూర్చున్నా మనసు మనసులో లేదు. కళ్లు మూసుకుంటే వరండా కనిపించేది గానీ అందులో ఎవరూ లెక్కపెట్టడం లేదు. వదినకి నేనంటే ఉన్న నమ్మకం పోయిందనుకున్నాను. ఆమె ప్రయాణం పోతుందన్న బాధ కంటే అదే నన్ను ఎక్కువ పీడించింది, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా.

శుక్రవారం పదింటికి డాక్టరమ్మ కవర్లు చింపింది. ఒకటో నంబరు, రెండో నంబరు, నాలుగో నంబరు చిక్కు లేకుండా తేలిపోయారు. మూడో నంబరుకి మాష్టారి లెక్క ఐదు వందల డెబ్బై ఒకటి. నాది ఐదు వందల డెబ్బై మూడు, కింద నా వాక్యం. ఆవిడ దాన్ని పైకి చదివింది. మాష్టారు మెల్లగా కళ్లజోడు తుడుచుకుని నా వైపు చూశారు.

"అనుమానం అంటే సరిపోదు," అంది డాక్టరమ్మ. "మూడో నంబర్‌ని పిలిపించాలి."

పిలిపించే పని పడలేదు. వదిన తొమ్మిదింటి నుంచి బయట బెంచీ మీదే కూర్చుని ఉందట. లోపలికి వచ్చి మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టింది. పదమూడో రాత్రి నుంచి చివరిదాకా కిటికీ పక్కనే పడుకున్నానని, బిళ్ళ పడక దగ్గరే ఉందని, రెండే రెండు వాక్యాలు. కింద సంతకం. కాగితం పైన నోట్‌బుక్.

తాబేలు ఆ రోజు పది నిమిషాల్లో లెక్క కట్టారు. ఆయనకీ ముప్పై ఒకటే వచ్చింది. ఆయన ప్రకారం ఆరువందల రెండు, నా ప్రకారం ఆరువందల నాలుగు. ఏది ఎక్కువైతే అది.

"మన లెక్కలోనే నలభై అటూ ఇటూ ఉంటుంది మేడమ్," అన్నారు మాష్టారు. ఆయన ఎవరి తరఫునా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఈ నాలుగు అందులో లెక్కలోకే రావు."

"అటు నలభై అంటే ఆరువందల నలభై నాలుగు కూడా కావచ్చు కదా మాష్టారూ," అంది ఆవిడ. గొంతులో కరుకుదనం లేదు. పెన్ను తీసి, కాసేపు అలాగే పట్టుకుని, మూడో నంబరు ఎదురుగా అడ్డగీత గీసింది.

"నాలుగు కాకుండా నలభై ఎక్కువై ఉంటే బాగుండేది," అంది వదిన.

బయట మెట్ల దగ్గర నా పక్కకి వచ్చి నడిచింది. పొగమంచులో మా ఇద్దరికీ ఎదురుగా రెండు గజాల దారే కనిపిస్తోంది. "సోమవారం నువ్వెళ్లాక ఆ పడకలో ఇంకో గంట పడుకున్నాను," అంది. "కన్ను మూత పడలేదు. పద్నాలుగు నెలలు అక్కడ పడుకోలేను. వారం తిరక్కుండా దిండు పట్టుకుని కిటికీ దగ్గరికి పోతాను, నా సంగతి నాకు తెలుసు. అప్పుడు నాలుగుతో ఆగదు కదా."

"ఆగదు," అన్నాను. "ఎంతవుతుందో చెప్పమంటావా?"

"వద్దు తల్లీ. నీ నోటి వెంట ఇంకో అంకె వింటే నిన్ను మెట్ల మీంచి తోసేస్తాను." నా చెయ్యి పట్టుకుంది. అలాగే పట్టుకుని ఇంటిదాకా నడిచాం.

అన్నయ్య దుకాణం కట్టేసి అప్పటికే ఇంట్లో ఉన్నాడు. వదిన దారిలో ఫోన్ చేసి చెప్పింది. సంబరపడతాడని, దాన్ని దాచుకోలేక అవస్థ పడతాడని అనుకున్నాను, ఆ ముఖం ఎలా చూడాలా అని దారంతా బెంగ పడ్డాను. తీరా తలుపు తీసి నా మీద ఒంటికాలి మీద లేచాడు.

"నాలుగు గింజలకా?" అన్నాడు. "నలభై అటూ ఇటూ ఉంటుందని చెప్పేదానివి, నాలుగు తీయడానికి చేతులు రాలేదా నీకు?"

"నువ్వే కదా ఎక్కువ రాయమన్నావు."

"అవును అన్నాను. బుద్ధి లేక అన్నాను." తలుపు వదిలేసి పక్కకి జరిగాడు. "నేను అడిగితే ఆగాలనుకున్నాను. అడగడానికి ధైర్యం చాలక ఏడాదంతా చచ్చాను. ఇలా ఎవరో గీత గీసి ఆపేస్తే నాకెందుకు? చూడు దాని ముఖం ఎలా ఉందో."

వదిన కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. "దాన్నేం అనకండి," అంది. "రాసింది నేను."

అన్నయ్య వెళ్లి ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. విప్పిన బూటు చేతిలోకి తీసుకుని, ఏం చేయాలో తెలియక, దాని తాడు ముడి వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి తల పైకెత్తాడు.

"శుభ్రమైన పడక ఉండగా ఆ కిటికీ దగ్గర ఎందుకు పడుకున్నావు? అక్కడ గోడ పలచనని నీకు తెలుసు కదా. ఏముంది అక్కడ?"

వదిన రెండో బూటు విప్పి పక్కన పెట్టింది. అన్నయ్య నా వైపు తిరిగాడు. "నీకు తెలిసే ఉంటుంది. అన్నీ లెక్కగడతావుగా. ఎందుకు పడుకుంది?"

వదిన అతని తల మీదుగా నన్నే చూస్తోంది. నా చెవులు వేడెక్కడం నాకు తెలుస్తోంది.

"తెలియదన్నయ్యా," అన్నాను.